భార్య ఊళ్లో ఉండిపోవడం వల్లే గెలిచిన అసైలం కేసు

నేను అమెరికాలో ఇమిగ్రేషన్ లాయర్‌ని. ఈ కేసులో నా క్లయింట్ పంజాబ్ రైతు కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడు, ముప్పై లోపు వయసు. 2023 చివర్లో మెక్సికో వైపు నుంచి వచ్చి, కాలిఫోర్నియాలో హకుంబా అనే చిన్న ఊరి దగ్గర సరిహద్దు గోడ ఆగిపోయిన చోట ఇటు అడుగుపెట్టాడు. పారిపోలేదు, దాక్కోలేదు. బోర్డర్ పెట్రోల్ బండి వచ్చేదాకా అక్కడే కూర్చుని, వాళ్లు రాగానే లొంగిపోయాడు. అతన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేసి, అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను.

రాయాలనిపించడానికి కారణం మన వాట్సాప్ గ్రూపులు. డంకీ (ఏజెంట్ల ద్వారా దొంగదారిన దేశాలు దాటి రావడం) వార్త ఏదొచ్చినా వెంటనే ఒక మెసేజ్ పడుతుంది: "మేం ట్యాక్సులు కట్టుకుంటూ గ్రీన్‌కార్డు క్యూలో ముసలివాళ్లం అయిపోతున్నాం, గోడ దూకినవాడికి కాగితాలా?" కోపం అర్థమవుతుంది. హెచ్‌వన్‌బీ మీద పిల్లల్ని పెంచి పెద్దచేసి ఇంకా ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు క్యూలో తమ వంతును నిర్ణయించే తేదీ) చూసుకుంటున్నవాళ్లు నా క్లయింట్లలోనూ ఉన్నారు. కానీ ఈ రెండూ ఒకే క్యూ కాదు. ఉద్యోగాల గ్రీన్‌కార్డులకు ఏడాదికి 1,40,000 అనే కోటా, ఒక్కో దేశానికి 7 శాతం అనే పరిమితి ఉన్నాయి. అసైలం, అంటే సొంత దేశంలో హింసకు భయపడి వచ్చినవాళ్లకు ఇచ్చే ఆశ్రయం, వచ్చినవాళ్ల గ్రీన్‌కార్డులు ఆ లెక్కలోకే రావు. ఒకప్పుడు వాళ్లకూ ఏడాదికి 10,000 అని పరిమితి ఉండేది, 2005లో రియల్ ఐడీ చట్టం దాన్ని తీసేసింది. పంజాబ్ కుర్రాడికి అసైలం ఇవ్వకపోతే మియాపూర్ కుర్రాడి నంబరు ముందుకు జరగదు.

ఇక అసలు ప్రశ్న: దొంగదారిన వచ్చినవాడికి ఆశ్రయం అడిగే హక్కు ఎక్కడిది?

చట్టంలోనే ఉంది. 1980 రెఫ్యూజీ యాక్ట్‌తో వచ్చి, 1996లో సవరించిన సెక్షన్ ప్రకారం, అమెరికా నేల మీదున్న ఏ విదేశీయుడైనా అసైలానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అధికారిక ప్రవేశ ద్వారం గుండా వచ్చాడా లేదా అన్నదానితో పని లేదని అందులో విడిగా రాసి మరీ ఉంది. అదే సమయంలో ఆ ద్వారం తప్పించి దాటడం నేరం కూడా. మొదటిసారైతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడే చిన్న నేరం. ఈ రెండూ ఒకే చట్టంలో పక్కపక్కనే ఉన్నాయి. చర్చల్లో ఒక పక్షం మొదటిది మాత్రమే చదువుతుంది, రెండో పక్షం రెండోది మాత్రమే చదువుతుంది.

అంతర్జాతీయంగా చూస్తే 1951 శరణార్థుల ఒప్పందంలో 31వ ఆర్టికల్ ఉంది. ప్రాణభయంతో వచ్చినవాణ్ణి అక్రమంగా దాటాడన్న కారణంగా శిక్షించకూడదని అంటుంది. దానికి షరతులున్నాయి: ముప్పు ఉన్న చోటి నుంచి నేరుగా వచ్చి ఉండాలి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు హాజరవ్వాలి. మన కుర్రాడు నేరుగా రాలేదు. ఢిల్లీ నుంచి దుబాయ్, అక్కణ్ణుంచి నికరాగువా, ఆపైన హోండురాస్, గ్వాటెమాలా, మెక్సికో. పొలం అమ్మి ఏజెంటు చేతిలో పోసిన డబ్బంతా ఆ దారికే. కాబట్టి 31వ ఆర్టికల్‌ను పట్టుకుని నేను ఎక్కువ వాదించలేదు. (మన దేశం ఆ ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల దగ్గర ఐక్యరాజ్యసమితి ఇచ్చిన కార్డులున్నాయి తప్ప, వాళ్లకు హక్కు ఇచ్చే శరణార్థి చట్టం లేదు. అమెరికాను తిట్టేముందు ఇదీ గుర్తుంటే మంచిది.)

అతని కథ

సిమ్రన్‌జీత్ సింగ్ మాన్ నడిపే అకాలీదళ్ అమృత్‌సర్ పార్టీలో కార్యకర్త. పెద్ద నాయకుడేం కాదు. పోస్టర్లు అంటించడం, రక్తదాన శిబిరాలు పెట్టడం, ఊళ్లో యువకుల్ని మీటింగులకు తీసుకెళ్లడం అతని పని. 2022 జూన్‌లో సంగ్రూర్ ఉపఎన్నికలో మాన్ గెలిచాక పార్టీలో ఊపు వచ్చింది, దాంతోపాటే ఊళ్లలో గొడవలూ పెరిగాయని చెప్పాడు. ప్రత్యర్థి పార్టీ మనుషులు దారికాచి హాకీ కర్రలతో కొట్టారు. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే పోలీసులు తీసుకోలేదు. కొన్ని నెలల తర్వాత మళ్లీ కొట్టారు. ఈసారి పోలీసులే స్టేషన్‌కు తీసుకెళ్లి రాత్రంతా ఉంచి, కొట్టి, తెల్లకాగితం మీద సంతకం, వేలిముద్ర తీసుకుని వదిలారు. ఆ తర్వాత ఢిల్లీలో పెదనాన్న కొడుకు ఇంట్లో తలదాచుకుంటే, సొంత జిల్లా పోలీసులు అక్కడికీ వచ్చి వాకబు చేశారు. అప్పుడు అతను ఏజెంటును వెతుక్కున్నాడు.

ఇందులో మొదటి సగం ఇమిగ్రేషన్ కోర్టుల్లో వందలసార్లు వినపడే కథే. అందుకే ప్రభుత్వ లాయర్లు వినగానే పెదవి విరుస్తారు. వాళ్లను తప్పు పట్టలేను. కథతో సహా ప్యాకేజీ అమ్మే ఏజెంట్లు ఉన్న మాట నిజం. కేసు వేస్తే 150 రోజులకు వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టొచ్చు, 180 రోజులు దాటాక చేతికొస్తుంది. పెండింగ్ కేసులు 30 లక్షలు దాటిన కోర్టులో తుది హియరింగ్‌కు ఏళ్లు పడుతుంది. భయం లేకపోయినా ఈ మధ్యకాలం కోసమే వచ్చేవాళ్లుంటారు. సరిహద్దు కఠినంగా ఉండాలనేవాళ్ల వాదనలో నాకు బలంగా కనిపించేది ఇదే. జవాబు మాత్రం వేగంగా తేల్చడంలో ఉందని నా అభిప్రాయం. కేసులు ఏళ్ల తరబడి నానకుండా తేలిపోతే, ఏజెంటు అమ్ముకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి ఇంటర్వ్యూ

పట్టుబడినవాణ్ణి జడ్జి దగ్గరికి తీసుకెళ్లకుండానే వెనక్కి పంపే పద్ధతి 1996 నుంచి ఉంది. భయం ఉందని చెబితే ముందు అసైలం ఆఫీసర్ ఇంటర్వ్యూ చేస్తాడు. క్రెడిబుల్ ఫియర్ ఇంటర్వ్యూ అంటే ఇదే. డిటెన్షన్‌లో, ఫోన్లో, దుబాసీతో, చాలాసార్లు లాయర్ లేకుండా జరుగుతుంది. ఇందులో ఫెయిలైతే ఇమిగ్రేషన్ జడ్జి ఒకసారి చూస్తాడు, అక్కడా కాదంటే విమానమే.

దీని మీద తురైసింగం కేసు తెలుసుకోవాలి. శ్రీలంక తమిళుడు. 2017లో శాన్ ఇసిడ్రో దగ్గర సరిహద్దుకు 25 గజాల లోపల పట్టుబడ్డాడు. వ్యాన్‌లో ఎత్తుకెళ్లి కొట్టారని చెప్పాడు. ఆఫీసర్ నమ్మాడు కూడా. కానీ కొట్టిందెవరో, ఎందుకో చెప్పలేకపోయాడు కాబట్టి చట్టం చెప్పే కారణాల్లోకి (మతం, జాతి, రాజకీయ అభిప్రాయం లాంటివి) రాదన్నాడు. తమిళ రాజకీయాలే కారణమని తర్వాత ఫెడరల్ కోర్టులో వాదిస్తే, 2020 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో తలుపు మూసేసింది. దాటిన వెంటనే పట్టుబడినవాడికి ఈ స్క్రీనింగ్ విషయంలో కాంగ్రెస్ ఇచ్చినంత ప్రక్రియే దక్కుతుంది, దాన్ని ఫెడరల్ కోర్టులో సవాలు చేసే హక్కు రాజ్యాంగం ఇవ్వదు అన్నది తీర్పు సారం. అంటే ఆ ఫోన్ ఇంటర్వ్యూలో ఏం చెప్పాడో అదే తలరాత.

మా క్లయింట్ పాసయ్యాడు. పాసవ్వాల్సిన గీత మామూలుకంటే ఎత్తులో ఉంది. ఎందుకో అర్థం కావాలంటే 2023 రూల్ గురించి చెప్పాలి.

2023 రూల్

దానికి ముందు ఒక చరిత్ర ఉంది. 2018 నవంబర్‌లో ట్రంప్ ప్రభుత్వం, దక్షిణ సరిహద్దులో అధికారిక ద్వారాల మధ్య దాటినవాళ్లకు అసైలం లేదని ఒక రూల్ తెచ్చింది. పది రోజుల్లోనే శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జి జాన్ టైగర్ ఆపేశారు. అప్పీల్ కోర్టులో ప్రభుత్వ అభ్యర్థనను తోసిపుచ్చుతూ రాసింది జార్జ్ డబ్ల్యూ బుష్ నియమించిన జడ్జి జే బైబీ. సుప్రీంకోర్టు కూడా 5-4తో జోక్యం చేసుకోనంది, ఐదో ఓటు రాబర్ట్స్‌ది. ప్రభుత్వ వాదన తెలివైనదే: దరఖాస్తు ఎవరైనా చేసుకోవచ్చని చట్టం అంది, అర్హత ఉంటుందని అనలేదు కదా, అదనపు షరతులు పెట్టే అధికారం మాకు ఇదే చట్టం ఇచ్చింది కదా అని. దానికి కోర్టు ఇచ్చిన జవాబు నాకిప్పటికీ సరైనదనే అనిపిస్తుంది. ఎలాగూ తిరస్కరించి తీరే దరఖాస్తును తీసుకునే హక్కు, హక్కే కాదు.

2023 మేలో, కొవిడ్ కారణం చూపి సరిహద్దు నుంచే జనాన్ని వెనక్కి పంపిన టైటిల్ 42 ముగిసినప్పుడు బైడెన్ ప్రభుత్వం అదే గమ్యానికి చుట్టుదారిలో వెళ్లింది. పూర్తి నిషేధం అనలేదు, 'అనర్హుడనే అనుకుంటాం, కాదని నువ్వు రుజువు చెయ్' అంది. సరిహద్దు అధికారుల సీబీపీ వన్ అనే ఫోన్ యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకుని రాకపోతే, దారిలో దాటిన దేశంలో ఆశ్రయం అడిగి తిరస్కరణ పొంది ఉండకపోతే, ఈ అనర్హత వర్తిస్తుంది. మొదటి ఇంటర్వ్యూలో గీత ఎత్తు పెరిగింది కూడా ఇందుకే. జడ్జి టైగర్ 2023 జూలైలో దీన్నీ కొట్టేశారు. కానీ అప్పీల్ కోర్టు స్టే ఇవ్వడంతో రూల్ అమల్లోనే ఉండిపోయింది.

యాప్ ఇంగ్లిష్, స్పానిష్, హైతీ క్రియోల్ భాషల్లోనే ఉండేది. రోజుకు మొత్తం సరిహద్దుకంతటికీ 1,450 అపాయింట్‌మెంట్లు. భాష రాక యాప్ వాడలేకపోయినవాళ్లకు మినహాయింపు ఉంది, మా కుర్రాడికి సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. కానీ చిన్న అక్షరాల్లో మెలిక ఉంది. అపాయింట్‌మెంట్ లేకపోయినా అధికారిక ద్వారం దగ్గరికే వెళ్లి నిలబడినవాళ్లకే ఆ మినహాయింపు. హకుంబా కొండల్లో దాటినవాడికి కాదు. ప్రాణాపాయంలో ఉన్న అనారోగ్యం, తక్షణ ప్రాణహాని, మానవ అక్రమ రవాణా బాధితులు అనే మిగతా మినహాయింపులేవీ మాకు అతకవు. ఏజెంటు డబ్బు తీసుకుని దారి మార్చాడు అన్నది అక్రమ రవాణా కిందికి రాదు. వస్తుందని వాదించి జడ్జి దగ్గర పరువు పోగొట్టుకోదలచుకోలేదు.

అసైలానికి దారి మూసుకుంటే మిగిలేది విత్‌హోల్డింగ్ ఆఫ్ రిమూవల్. సామాన్యుడికి రెండూ ఒకటే అనిపిస్తాయి. తేడా చాలా ఉంది. అసైలానికి, హింస జరిగే అవకాశం పదింట ఒక వంతు ఉన్నా చాలని 1987లో సుప్రీంకోర్టు అంది. విత్‌హోల్డింగ్‌కు సగానికి మించి ఉండాలి. గెలిచినా గ్రీన్‌కార్డు రాదు, దేశం దాటి వెళ్లి తిరిగి రాలేడు, భార్యాపిల్లల్ని తెచ్చుకోలేడు. పేరుకు డిపోర్టేషన్ ఆర్డర్ ఉంటుంది, కాకపోతే ఆ ఒక్క దేశానికి పంపరు.

సాక్ష్యాలు

కోర్టులో దాటిన విషయం మొదటి హియరింగ్‌లోనే ఒప్పుకున్నాం. దాచడానికేమీ లేదు, వాదించడానికి అంతకన్నా లేదు. అమెరికాకు వచ్చిన ఏడాదిలోగా వేయాలన్న గడువు దాటకుండా దరఖాస్తు వేశాం.

సాక్ష్యాల దగ్గర ఒక జాగ్రత్త తీసుకున్నాను. పంజాబ్ కేసుల్లో పార్టీ లెటర్‌హెడ్ మీద ఒకే మూసలో రాసిన ఉత్తరాలు, సర్పంచ్ అఫిడవిట్లు వచ్చిపడుతుంటాయి. వేర్వేరు కేసుల కాగితాలు అచ్చుగుద్దినట్టు ఉంటే జడ్జి దాన్ని అబద్ధానికి గుర్తుగా తీసుకోవచ్చని 2015లో ఇమిగ్రేషన్ అప్పీల్స్ బోర్డు తేల్చింది. అదీ ఒక భారతీయుడి కేసే. అందుకని ఉత్తరాలు తగ్గించి, ఆసుపత్రి చీటీ, దెబ్బలు తగిలిన రోజు చెల్లెలు ఫోన్లో తీసిన ఫోటోలు, ఢిల్లీ అన్నయ్య సొంత మాటల్లో రాసిన అఫిడవిట్, ఇక్కడి డాక్టర్ మచ్చలు చూసి ఇచ్చిన రిపోర్టు పెట్టాం.

టెన్షన్ పెట్టింది ఆ మొదటి ఇంటర్వ్యూ కాగితం. అందులో ఒకే దాడి ఉంది, కోర్టుకిచ్చిన డిక్లరేషన్‌లో రెండు. ప్రభుత్వ లాయర్ దాన్నే పట్టుకున్నారు. 2005లో రియల్ ఐడీ చట్టం వచ్చాక, మాటలు నమ్మదగనివని జడ్జి తేల్చడానికి చిన్న తేడా చాలు, అది కేసు మూలాన్ని తాకాల్సిన అవసరం లేదు. మా జవాబు ఆ కాగితంలోనే దొరికింది. ఆఫీసర్ అడిగింది చివరిసారి ఏం జరిగిందని, అతను దానికే జవాబిచ్చాడు. ఇంకేమైనా ఉందా అన్న ప్రశ్న ఎక్కడా లేదు. పైగా ఆ నోట్స్ మీదే, ఇది మాటకు మాట రాసినది కాదని అచ్చువేసి ఉంటుంది. జడ్జి ఆ తేడాను పక్కన పెట్టారు.

హియరింగ్

క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రభుత్వ లాయర్ అడిగిన మంచి ప్రశ్న ఇది: "అంత ప్రమాదం ఉంటే భార్యనూ పాపనూ అక్కడే ఎలా వదిలి వచ్చారు?"

"వాళ్లకు కావలసింది నేను. ఆమె పుట్టింట్లో ఉంది, వేరే జిల్లా. అక్కడ ఆమెను ఎవరూ అడగలేదు" అన్నాడు.

వెంటనే తర్వాతి ప్రశ్న: "మరి మీరు కూడా వేరే జిల్లాకు వెళ్లొచ్చు కదా? ముంబై ఉంది, కోల్‌కతా ఉంది."

భారతీయుల కేసులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. ఇంత పెద్ద దేశంలో ఇంకోచోట బతకలేవా అన్నది నిజంగా గట్టి ప్రశ్న. ఊరి గూండాలతో గొడవపడ్డ చాలామంది హాయిగా బతకగలరు, అలాంటివాళ్లకు నేనే కేసు బలహీనమని చెప్పి పంపేస్తాను. ఈ కేసులో తేడా ఢిల్లీ. అతను ప్రయత్నించి చూశాడు, పోలీసులు అక్కడికీ వచ్చారు. కొట్టినవాళ్లలో పోలీసులూ ఉన్నారు కాబట్టి, ఇంకోచోట క్షేమంగా ఉండగలడని చూపించే బాధ్యత ప్రభుత్వానిదే. అద్దెకు దిగితే పోలీస్ వెరిఫికేషన్ ఉంటుందని, స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ నెట్‌వర్క్ ఉందని కెనడా శరణార్థి బోర్డు రిపోర్టులు కోర్టు ముందుంచాం. సింగ్ వర్సెస్ విటేకర్ అనే 2019 తీర్పు కూడా మాకు పనికొచ్చింది. పంజాబ్ బయట ఎక్కడో ఒకచోట ఉండొచ్చని గుండుగుత్తగా చెబితే చాలదు, ఈ మనిషి విషయంలో విడిగా చూడాలి అంటుంది అది.

భార్య గురించి వాళ్లు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు మా దగ్గర వేరే ఉంది. 2023 రూల్‌లో ఎవరూ పెద్దగా చదవని ఒక పేరా ఉంది, కుటుంబ ఐక్యత గురించి. కోర్టులో ఒకరు విత్‌హోల్డింగ్‌కు అర్హుడని తేలి, ఈ అనర్హత లేకపోతే అసైలం వచ్చేదే అయ్యి, తర్వాత వచ్చి చేరగల భార్య గానీ పిల్లలు గానీ ఉంటే, అనర్హత తొలగిపోయినట్టే లెక్క. మనసు మెత్తబడి ఇచ్చే వెసులుబాటు కాదిది, షరతులు నెరవేరితే జడ్జి ఇచ్చి తీరాలి.

కాబట్టి కేసంతా ఒక పెళ్లి కాగితానికి వచ్చి ఆగింది. వాళ్ల పెళ్లి గురుద్వారాలో ఆనంద్ కారజ్ పద్ధతిలో జరిగింది, రిజిస్టర్ కాలేదు. పంజాబ్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ 2012లో చట్టం వచ్చినా ఊళ్లలో పట్టించుకునేవాళ్లు తక్కువ. భర్త ఇక్కడ, భార్య అక్కడ, పైగా పోలీసుల కంట పడకూడదు. ఆమె తండ్రి సేవా కేంద్రం చుట్టూ తిరిగి, గురుద్వారా సర్టిఫికెట్, పెళ్లి ఫోటోలు, పాప బర్త్ సర్టిఫికెట్ జతచేసి మొత్తానికి రిజిస్ట్రేషన్ తెచ్చారు. నా లీగల్ బ్రీఫ్ కంటే ఆ పెద్దాయన ఓపికే ఈ కేసులో ఎక్కువ పనిచేసింది.

జడ్జి తీర్పు అప్పటికప్పుడు నోటితోనే చెప్పారు. మాటలు నమ్మదగినవి, రాజకీయ అభిప్రాయం కారణంగా హింస జరిగింది, వేరేచోట క్షేమమని ప్రభుత్వం చూపించలేదు, విత్‌హోల్డింగ్‌కు అర్హుడు. 2023 రూల్ అనర్హత వర్తిస్తుంది, మామూలు మినహాయింపులేవీ లేవు. భార్యా, పాపా ఉన్నారు కాబట్టి అది తొలగిపోయింది. చివరికి అసైలం ఇవ్వాలా వద్దా అన్న జడ్జి విచక్షణ మిగిలింది. ఎలా దాటాడన్నది లెక్కలోకి తీసుకోవాల్సిన ఒక అంశమే గానీ, మిగతా అన్నింటినీ మింగేసేది కాకూడదని మ్యాటర్ ఆఫ్ పూలా అనే కేసులో అప్పీల్స్ బోర్డు 1987లోనే చెప్పింది. అసైలం ఇచ్చారు. 30 రోజుల గడువులో ప్రభుత్వం అప్పీల్ వేయలేదు.

కేసు గురించి తెలిసిన ఒక తెలుగు మిత్రుడు, స్టూడెంట్ వీసా అయిపోయిన తన తమ్ముడికీ అసైలం వేయిద్దామా అని అడిగాడు. కన్సల్టెన్సీవాళ్లు ఈఏడీ (వర్క్ పర్మిట్) కోసం అలా వేయిస్తున్నారట. భయం లేనిచోట భయం కల్పించి వేసిన దరఖాస్తును కోర్టు తప్పుడు దరఖాస్తుగా తేలిస్తే, జీవితాంతం ఏ ఇమిగ్రేషన్ ప్రయోజనమూ దక్కదు. రేపు పెళ్లి ద్వారా గ్రీన్‌కార్డు వచ్చే అవకాశం ఉన్నా అది కూడా పోతుంది. వద్దని చెప్పాను.

2025 జనవరి 20 నుంచి పరిస్థితి ఇంకా మారింది. అదే రోజు సీబీపీ వన్ అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, సరిహద్దులో అసైలాన్నే నిలిపేస్తూ ప్రకటన వచ్చింది. వాషింగ్టన్ జడ్జి ర్యాండాల్ఫ్ మాస్ జూలైలో అది చట్టవిరుద్ధమన్నారు, ఆగస్టులో అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొంతవరకే అమలుకానిచ్చింది. యాప్ వాడలేదన్న అనర్హత మాత్రం ఆ ఏడాది మే దాకా దాటినవాళ్లందరికీ రూల్‌లో అలాగే ఉంది. యాప్ లేని నెలల్లో యాప్ వాడలేదని అనర్హుడనడం నాకు మింగుడుపడదు.

క్లయింట్ భార్యా, పాపా ఇక్కడికి రావడానికి ఐ-730 అనే దరఖాస్తు వేశాం. అసైలం వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి, కోర్టులో పెట్టిన పెళ్లి సర్టిఫికెట్టే అందులోనూ పెట్టాం. నా దగ్గరే ఇంకో పంజాబ్ కుర్రాడున్నాడు. దాదాపు ఇవే దెబ్బలు, ఇదే పార్టీ, ఇదే సరిహద్దు. పెళ్లి కాలేదు. అతనికి వచ్చింది విత్‌హోల్డింగ్ ఒక్కటే. 2025 ఫిబ్రవరిలో భారతీయులతో సహా ఎన్నో దేశాలవాళ్లను విమానాల్లో పనామా, కోస్టారికాలకు పంపారు. ముందుగా నోటీసు ఇవ్వకుండా మూడో దేశానికి పంపొద్దన్న కింది కోర్టు ఆర్డర్‌ను సుప్రీంకోర్టు జూన్‌లో నిలిపేసింది. ఈ రెండో కుర్రాణ్ణి భారత్‌కు పంపకూడదు, అంతవరకే. ఇంకెక్కడికి పంపొచ్చో ప్రభుత్వం ఇంకా చెప్పలేదు, మేం ముందుగానే భయం తెలుపుతూ ఒక లెటర్ రాసి ఫైల్లో పెట్టాం.